ఫోటో, శిల్పం, గది: ముగ్గురు కలిసి ఒకే కృతిని నిర్మించే పద్ధతి

ఫోటోగ్రాఫర్, శిల్పి, ఆర్కిటెక్ట్ కలిసి ఒక కళాకృతి చేయదలచినప్పుడు, ఎవరి భాగం వారు పూర్తి చేసుకుని వచ్చి చివర్లో సర్దుకుందామనుకుంటే, ఫోటో గోడకూ శిల్పం పీఠానికీ పరిమితమై, గది వాటిని దాచుకునే చోటుగా మాత్రమే మిగులుతుంది. కాబట్టి పని గదితోనే మొదలుకావాలి. గుమ్మం, కిటికీలు, దూలాలు, స్విచ్‌బోర్డులతో సహా కొలతలు తీసుకుని, 1:20 నిష్పత్తిలో అట్టతో నమూనా చేయండి. 3 మీటర్ల గోడ అందులో 15 సెంటీమీటర్లు అవుతుంది. నేల నుంచి 160 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే కన్ను 8 సెంటీమీటర్లకు దిగుతుంది. ఫోన్ కెమెరాను ఆ ఎత్తులోనే నమూనా గుమ్మంలో ఉంచి ఫోటోలు తీసి, వాటిని చూశాకే ముగ్గురూ నిర్ణయాలు తీసుకోవాలి. పైనుంచి చూస్తే ఏ అమరికైనా ముచ్చటగానే ఉంటుంది, కానీ లోపలికి నడిచి వచ్చే మనిషికి ఆ చూపు దొరకదు.

తర్వాత తేల్చుకోవలసింది, చివరికి నిలిచే కృతి గది అవుతుందా, ఫోటో అవుతుందా అన్నది. జర్మన్ కళాకారుడు థామస్ డిమాండ్ కాగితంతో నిజ పరిమాణంలో దృశ్యాలు నిర్మించి, ఫోటో తీశాక వాటిని ధ్వంసం చేస్తారు, మిగిలేది ఫోటోయే. గదుల గోడల మీద బొమ్మలు వేసే స్విస్ కళాకారుడు ఫెలీచే వరీని గీసే ఆకారాలు ఒక్క చోటు నుంచి చూస్తేనే పూర్తిగా కలుస్తాయి, అయితే అక్కడి నుంచి కదలగానే అవి ముక్కలుగా విడిపోవడం కూడా కృతిలో భాగమే. ఇలాంటిది చేయాలంటే గదిని చీకటి చేసి, చూపరి నిలబడే చోట కంటి ఎత్తులో ప్రొజెక్టర్ పెట్టి, గోడల మీదా శిల్పం మీదా పడే గీతలను చాక్‌పీస్‌తో గుర్తించి, ఆ తర్వాతే రంగు వేయాలి. గుర్తులు పూర్తయ్యేదాకా ప్రొజెక్టర్ స్టాండును ఎవరూ కదపకూడదు.

వెలుగు విషయంలో తొందర పనికిరాదు. శిల్పాన్ని ఫోటో తీసి, ఆ ప్రింటును శిల్పం వెనకే నిలబెడుతున్నారనుకుందాం. గదిలో దీపం ఎడమ నుంచి వెలుగుతుండగా ఫోటోలోని నీడలు కుడికి కాక ఎడమకే పడి ఉంటే, అది అతికించిన కాగితమని ఇట్టే తెలిసిపోతుంది. అందుకే ముందుగా దీపాల చోటు ఖాయం చేసి, నేల మీద టేపుతో గుర్తుపెట్టి, ఆ వెలుగులోనే ఫోటో తీయాలి. ప్రింటుకు మాట్ కాగితం మేలు; నిగనిగలాడే కాగితం దీపాన్ని ప్రతిబింబించి లోతు ఉందన్న భ్రమను చెడగొడుతుంది. (ఆ ప్రతిబింబమే కావాలనుకుంటే అది వేరే సంగతి.)

ఒప్పందం కూడా పని మొదట్లోనే రాసుకోండి. వృత్తిని బట్టి వాటాలు పంచడం నాకు సబబుగా తోచదు: ఫోటోగ్రాఫర్లయిన బెర్న్‌డ్, హిల్లా బెషర్ దంపతులకు 1990లో వెనిస్ బియనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో దక్కింది శిల్పకళా బహుమతి. ముగ్గురి పేర్లూ ఒకే వరుసలో వేసి, ప్రదర్శన విప్పేశాక శిల్పం, ప్రింట్లు, ఫోటో ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయో, మరో గదిలో మళ్లీ నెలకొల్పాలంటే ఎవరి అనుమతి కావాలో ఆ కాగితంలోనే చేర్చండి.