హార్ప్ మీద చెయ్యి కుదరట్లేదా? ముందు బొటనవేలు చూడండి

కొత్తగా హార్ప్ (చట్రంలో నిలువుగా వరసగా తీగలు బిగించిన వాయిద్యం) పట్టినవాళ్ల ఇబ్బందులు నాలుగైదు రకాలే. వేళ్లు ఇరుక్కుంటాయి, తీగ జుయ్యిమంటుంది, నాదం పలచగా వస్తుంది, భుజం లాగేస్తుంది. నేను చూసినంతలో వీటిలో చాలావాటికి మూలం బొటనవేలు కిందికి వాలిపోవడమే.

వేళ్ల లెక్క ఇది: బొటనవేలు 1, చూపుడువేలు 2, మధ్యవేలు 3, ఉంగరపువేలు 4. చిటికెనవేలితో వాయించరు. వీణ నేర్చుకుని వచ్చినవాళ్లకు ఇది కాస్త కష్టం. తాళం తీగలు మీటి మీటి అలవాటైన చిటికెనవేలు దానంతటదే లేస్తుంది. దాన్ని బిగపట్టి ఆపకండి, చెయ్యంతా బిగుసుకుపోతుంది. ఉంగరపువేలితో పాటు వదులుగా కదలనివ్వండి.

సమస్య: స రి గ మ వరకు బాగానే వస్తుంది, ప దగ్గర చెయ్యి తడబడుతుంది

కారణం: ఆరోహణలో 4, 3, 2, 1 వేళ్లతో మ దాకా వెళ్లాక, ఉంగరపువేలు బొటనవేలి కింద నుంచి దూరి ప తీగను అందుకోవాలి. బొటనవేలు చూపుడువేలి ఎత్తుకు వాలిపోతే దూరడానికి సందే ఉండదు. అప్పుడు చెయ్యి మొత్తం ఎగిరి పడుతుంది, స్వరం తెగుతుంది.

పరిష్కారం: ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇవ్వబోతున్నట్టు చెయ్యి చాచండి. బొటనవేలు పైకి చూస్తుంది కదా, అలాగే ఉంచి మిగతా వేళ్లు కొంచెం గుండ్రంగా వంచి పక్కపక్క తీగల మీద పెట్టండి. బొటనవేలు చూపుడువేలి కన్నా బాగా పైన ఉండాలి, రెండింటి మధ్య వెలుతురు కనిపించాలి. ఇప్పుడు 4, 3, 2 వాయించి ఆగండి. బొటనవేలు మ మీదే ఉండగా, ఉంగరపువేలిని కింద నుంచి తెచ్చి ప మీద పెట్టండి. అది కుదురుకున్నాకే మ వాయించండి. రోజూ పదిసార్లు, తాళం లేకుండా, నెమ్మదిగా చేయండి. వేగం గురించి అప్పుడే టెన్షన్ పడొద్దు.

సమస్య: నాదం పలచగా, గిల్లినట్టు వస్తుంది

వేలు తీగను తాకి బయటికి ఎగిరిపోతోందన్నమాట. వాయించాక వేలు అరచేతిని తాకేదాకా లోపలికి ముడుచుకోవాలి, బొటనవేలు చూపుడువేలి పక్కమీద వాలాలి. అది చేస్తున్నా రేకు మోగినట్టు ఉంటే, మీ చెయ్యి, తీగల కింది కొసలు బిగించిన చెక్కకు (సౌండ్‌బోర్డుకు) మరీ దగ్గరగా దిగిపోయింది. తీగ మధ్యభాగం దగ్గరికి తెచ్చుకోండి. గోళ్లు కూడా చూసుకోండి. పెంచుకోవడం ఎంత ఇష్టమైనా, ఈ రకం హార్ప్‌కు వేలి కండతోనే నాదం.

సమస్య: జుయ్యిమనే శబ్దం

లివర్ హార్ప్ (తీగల పైకొసన స్వరాన్ని అర స్వరం పెంచే చిన్న మీటలు, అంటే లివర్లు, ఉండేది) అయితే ముందు లివర్ సగంలో ఆగిందేమో చూడండి. అది సరిగ్గా ఉంటే తప్పు వేలిదే: ఇంకా కంపిస్తున్న తీగ మీద వేలు మెల్లగా ఆనుతోంది. పెట్టేటప్పుడు తడుముకోకుండా, ఒక్కసారిగా, గట్టిగా పెట్టండి.

సమస్య: ప్రతి స్వరానికీ తీగ వెతుక్కోవాల్సి వస్తోంది

వీణ మీద మెట్టు వెతికినట్టు ఇక్కడ తీగ వెతుకుతారు. హార్ప్‌కు మెట్లు లేవు, ఒక్కో స్వరానికి ఒక్కో తీగ. అమరావతి శిల్పాల్లో కనిపించే విల్లు ఆకారపు వీణదీ ఇదే జాతి. కాలితో పెడళ్లు తొక్కి స్వరాలు మార్చే పెద్ద పెడల్ హార్ప్‌లో 47 తీగలుంటాయి, ఒక్కొక్కటే వెతికితే పాట సాగదు. రాబోయే మూడు నాలుగు స్వరాలకు వేళ్లన్నీ ముందే తీగల మీద పెట్టి, ఆ తర్వాతే వాయించండి. పాశ్చాత్య స్వరాల పేర్లలో సి (C) తీగలు ఎర్రగా, ఎఫ్ (F) తీగలు నల్లగానో నీలంగానో ఉంటాయి, అవే మీ గుర్తులు.

సమస్య: భుజం, మణికట్టు నొప్పి

సాధారణంగా స్టూలు ఎత్తు కుదరకపోవడమే కారణం. హార్ప్ కుడి భుజానికి తేలిగ్గా ఆని నిలబడాలి, చేతులతో దాన్ని మోయకూడదు. మణికట్టు విషయంలో ఇద్దరు పేరున్న హార్ప్ విద్వాంసుల పేర్లతో రెండు బాణీలున్నాయి. సాల్జెడో పద్ధతిలో మోచేతులు ఎత్తి, చెక్కకు ఆనకుండా వాయిస్తారు. గ్రాంజనీ పద్ధతిలో కుడి మణికట్టు చెక్క అంచుకు మృదువుగా ఆనుతుంది. మీ టీచరు ఏది చెబితే దానికే కట్టుబడండి. రెండూ కలిపితే ఏదీ నిలవదు.

వేళ్లకు బొబ్బలు వస్తే ఆ రోజుకు ఆపేయండి. మొదటి వారాల్లో గంటసేపు ఒకే బిగిన కూర్చునే కన్నా, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు కూర్చోవడమే మంచిది. తిమ్మిరి రోజుల తరబడి తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.