ప్రతిభావంతుల బడి బోర్డులో సేవ: మూడో పాఠం
సమావేశానికి ముందు కాగితాలు చదవడం

మొదటి పాఠంలో ట్రస్ట్ డీడ్, బైలాలు చూశాం. రెండో పాఠంలో బోర్డులో చేరడానికి రాసే లేఖ సంగతి చూశాం. ఇప్పుడు మీరు చేరిపోయారనుకుందాం. బడి బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ వైపో సర్జాపూర్ రోడ్డు మీదో ఉంది. నూట అరవై మంది పిల్లలు. సమావేశం శనివారం పదింటికి. గురువారం రాత్రి వాట్సాప్‌లో నలభై పేజీల పీడీఎఫ్ వచ్చి పడింది. ఈ పాఠం ఆ నలభై పేజీల గురించే.

ముందుగా ఒక మాట. గురువారం రాత్రి వచ్చిన కాగితాలను శనివారానికి సరిగ్గా చదవడం ఎవరివల్లా కాదు. మొదటి సమావేశంలోనే, కాగితాలు ఏడు రోజుల ముందు అందాలని అడిగి మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగింది నమోదు చేసే పుస్తకంలో, రాయించండి. ఆలస్యంగా వచ్చిన అంశం మీద చర్చ జరగవచ్చు, తీర్మానం మాత్రం వచ్చేసారికి వాయిదా పడాలి. ఈ ఒక్క నియమం లేకపోతే ఈ పాఠంలో మిగతాదంతా వృథా.

చదివే వరుస

చాలామంది మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు. అక్కడ ప్రిన్సిపాల్ నివేదిక ఉంటుంది. ఒలింపియాడ్ పతకాలు, సైన్స్ ప్రాజెక్టులు, ఫొటోలు. అది చదివాక మనసు నిండిపోయి, తర్వాతి అంకెలన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే దాన్ని చివరికి ఉంచండి. ముందు పాత మినిట్స్, తర్వాత బ్యాంకు నిల్వ, ఆదాయ వ్యయాలు, ఆపైన ప్రవేశాలు. ప్రిన్సిపాల్ నివేదిక ఆఖర్న.

పాత మినిట్స్‌లో చూడాల్సింది ఒక్కటే. ప్రతి నిర్ణయం పక్కన ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉన్నాయా? "విద్యార్థుల కౌన్సిలర్ నియామకం గురించి చర్చించడమైనది" అని రాస్తే ఏమీ జరగదు. "పూర్తికాలపు కౌన్సిలర్ కోసం ప్రిన్సిపాల్ ఆగస్టు 15లోపు ప్రకటన ఇస్తారు, జీతం నెలకు 45,000 వరకు, ఎంపిక కమిటీలో ఇద్దరు బోర్డు సభ్యులు ఉంటారు" అని రాస్తే, వచ్చే సమావేశంలో అడగడానికి మీకు ఒక ప్రశ్న దొరుకుతుంది. మొదటి రకం వాక్యం కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీసుకోండి. నాలుగు సమావేశాల మినిట్స్‌లో ఒకే అంశం ఆ రూపంలోనే మళ్లీ మళ్లీ వస్తోందంటే, ఆ పని ఎవరి చేతిలోనూ లేదని అర్థం.

మిగులు చూపే లోటు

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని వెంట రండి. అంకెలు సాధన కోసం వేసినవి. తరుగుదల కలపలేదు, పాత బకాయిలు లేవనుకుందాం.

నూట అరవై మంది పిల్లల్లో 40 మందికి పూర్తి ఫీజు మాఫీ. మిగతా 120 మంది ఏడాదికి 1,20,000 చొప్పున కట్టాలి. అంటే ఫీజు ఆదాయం 144 లక్షలు. విరాళాలు 48 లక్షలు. మొత్తం 192 లక్షలు. ఖర్చు: జీతాలు 126, అద్దె 30, ప్రయోగశాల సామగ్రి, పుస్తకాలు, శిబిరాలు 9, కరెంటు, మరమ్మతులు, బీమా, ఆడిట్ వగైరా 15. మొత్తం 180 లక్షలు. ఏడాది చివర మిగులు 12 లక్షలు. కోశాధికారి ఈ మాట చెప్పగానే అందరూ తలలూపి తర్వాతి అంశానికి వెళ్లిపోతారు.

మీరు వెళ్లకండి. రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి: 48 లక్షల విరాళంలో ఫలానా పనికే అని ఇచ్చింది ఎంత? రెండు: 144 లక్షల ఫీజులో మార్చి 31 నాటికి నిజంగా చేతికి వచ్చింది ఎంత?

జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. విరాళంలో 25 లక్షలు కొత్త ల్యాబ్ కట్టడానికే ఇచ్చారు, ఇంకా ఖర్చు కాలేదు. ఫీజులో 18 లక్షలు బకాయి. ఇప్పుడు లెక్క మళ్లీ వేయండి. చేతికొచ్చిన ఫీజు 126. షరతు లేని విరాళం 23. రెండూ కలిపితే 149. ఖర్చు 180. లోటు 31 లక్షలు. కాగితం మీద 12 లక్షల మిగులు చూపిన బడి, నిజానికి తన సొంత నిల్వలోంచి 31 లక్షలు తినేసింది.

బ్యాంకు నిల్వ చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. ఏడాది మొదట్లో 58 లక్షలు, చివర 52. ఆరు లక్షలే కదా తగ్గింది అనిపిస్తుంది. కానీ ఆ 52లో 25 ల్యాబ్‌వి. బడి వాడుకోగలిగింది 27 లక్షలే. నెలకు 15 లక్షల ఖర్చున్న బడికి అది రెండు నెలలకు కూడా చాలదు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే మార్చి రాకముందే జీతాలకు ల్యాబ్ డబ్బు ముట్టుకోవాల్సి వస్తుంది. బడులు మునిగేది సాధారణంగా ఇక్కడే. ఎవరూ దొంగతనం చేయరు. "ఏప్రిల్‌లో ఫీజులు రాగానే తిరిగి వేసేద్దాం" అని మొదలుపెడతారు. ఏప్రిల్‌లో వచ్చే ఫీజు కొత్త ఏడాది ఖర్చుది. పాత గుంత అలాగే ఉండిపోతుంది.

ఇదే లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. నలభై మందికి మాఫీ చేసిన ఫీజు విలువ 48 లక్షలు. షరతు లేని విరాళం 23 లక్షలతో 19 మంది ఫీజు మాత్రమే భర్తీ అవుతుంది. మిగతా 21 మంది చదువు దేని మీద నడుస్తోంది? దీన్ని అడిగితే మాఫీలు తగ్గించమంటున్నామని అనుకుంటారేమోనని చాలామంది నోరు మెదపరు. అడగాల్సింది ఆ పిల్లల కోసమే. తొమ్మిదో తరగతిలో చేర్చుకున్న పిల్లను పదో తరగతిలో "ఈ ఏడాది నిధులు లేవు" అని పంపేయడం కన్నా అన్యాయం లేదు. చేర్చుకున్న రోజే ఆ బిడ్డ బడి పూర్తిచేసేదాకా అయ్యే డబ్బు ఎక్కడిదో బోర్డుకు తెలిసి ఉండాలి.

విరాళాల దగ్గరే ఇంకో జాగ్రత్త. మన తెలుగువాళ్ల బడులకు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో డబ్బు వస్తూ ఉంటుంది. పంపినవారు మన ఊరివాళ్లే అయినా, అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళమే. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకూడదు. తీసుకుంటే మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే మాత్రం అది విదేశీ విరాళం కాదు. కాబట్టి రసీదు రాసేముందు అడగాల్సింది ఊరు పేరు కాదు, పాస్‌పోర్టు ఏ దేశానిదని.

అద్దె

పైన లెక్కలో 30 లక్షల అద్దె ఉంది. భవనం ఎవరిది? చాలా చిన్న బడుల్లో అది ఒక ట్రస్టీదో, ఆయన భార్యదో అయి ఉంటుంది. అది తప్పేమీ కాదు. ఎవరూ ఇవ్వని రోజున ఆయన ఇచ్చి ఉండవచ్చు. కానీ ట్రస్టీకి గానీ, ఆయన బంధువులకు గానీ మార్కెట్ కన్నా ఎక్కువ చెల్లిస్తే ట్రస్టుకున్న ఆదాయపు పన్ను మినహాయింపుకే ముప్పు. అద్దె అంశం వచ్చినప్పుడు ఆ ట్రస్టీ తన సంబంధాన్ని చెప్పి, గది బయటికి వెళ్లాలి. అదే వీధిలో అంతే చదరపు అడుగులకు ఎంత నడుస్తోందో, సంబంధం లేని ఇద్దరి దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆయన లేచి వెళ్లిన సమయం, తిరిగి వచ్చిన సమయం మినిట్స్‌లో ఉండాలి. పెద్దాయన్ని లేచి వెళ్లమనడం మొహమాటమే. ఆ మొహమాటం లేకుండా చేసే మార్గం ఒక్కటి: ఇది అందరికీ వర్తించే నియమమని ముందే తీర్మానం చేసి ఉంచడం.

ప్రవేశాలు

ప్రతిభావంతుల బడి అనగానే ప్రవేశ పరీక్ష గుర్తొస్తుంది. ఇక్కడే చట్టం అడ్డొస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశానికి పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ వడపోయకూడదు. లాటరీ కాకుండా ఒకరిని కాదని ఒకరిని ఎంచే ఏ పద్ధతైనా వడపోత కిందికే వస్తుంది. మొదటి తప్పుకు 25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలను ఈ చట్టం పరిధి నుంచి తప్పించింది. మిగతావారికి 1 నుంచి 8 తరగతుల ప్రవేశాల్లో ఇది వర్తిస్తుంది. కాబట్టి మీ బడి ఏ తరగతిలో, ఏ ఆధారంతో పరీక్ష పెడుతోందో లాయర్ రాతపూర్వక అభిప్రాయం ఫైల్లో ఉందా అని చూడండి. లేకపోతే అదే మీ మొదటి ప్రశ్న. లాటరీతో చేర్చుకుని, చేరాక ఆసక్తి ఉన్నవారికి ప్రత్యేక తరగతులు నడపడం ఒక దారి. 2020 జాతీయ విద్యా విధానం ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల కోసం చెప్పినదీ ఇలాంటిదే: క్లబ్బులు, ప్రాజెక్టులు.

ప్రత్యేక తరగతులకు పరీక్ష పెట్టినా, అంకెను ఎలా వాడుతున్నారో చూడాలి. సగటు 100, ప్రామాణిక విచలనం (మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత) 15గా తయారైన పరీక్షల్లో 130 దాటేవారు నూటికి ఇద్దరి కంటే కాస్త ఎక్కువ. చాలాచోట్ల ఆ 130 దగ్గర గీత గీసేస్తారు. కానీ 0.95 విశ్వసనీయత (మళ్లీ పెట్టినా దాదాపు అదే ఫలితం వచ్చే గుణం; పూర్తిగా ఉంటే 1) ఉన్న మంచి పరీక్షలో కూడా దోషం సుమారు 3.4 పాయింట్లు. తేడా దానికి రెండింతల దాకా అటూ ఇటూ పోవచ్చు. అంటే 128 వచ్చిన పిల్ల అసలు స్థాయి 121 నుంచి 135 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. 128ని తీసేసి 131ని తీసుకున్నామంటే ఆ పిల్లల మధ్య తేడాను కాదు, పరీక్ష తడబాటును చూసి ఎంచుకున్నామన్నమాట. గీతకు అటూ ఇటూ ఏడు పాయింట్ల లోపు ఉన్నవారి ఫైళ్లను విడిగా తీసి, టీచర్ పరిశీలన, పిల్లలు చేసిన పని చూసి నిర్ణయించే పద్ధతి ఉందా అని అడగండి.

పరీక్ష ఏ భాషలో అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. కర్నూలు, అనంతపురం నుంచి కట్టడాల పనికి వచ్చినవాళ్ల పిల్లలు ఈ నగరంలోనే ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఇంగ్లీషు పదజాలం పరీక్ష పెడితే అది ఆ పిల్ల తెలివిని కాదు, ఆ ఇంటి సంపాదనను కొలుస్తుంది. బొమ్మల నమూనాలు పూరించే పరీక్షలు అందుకే ఉన్నాయి. అవి కూడా ఇంటి ప్రభావం లేనివేమీ కావు, కానీ భాష అడ్డుగోడ కొంత తగ్గుతుంది.

ప్రవేశాల రోజుల్లో మీకు ఫోన్ వస్తుంది, తప్పకుండా వస్తుంది. "అన్నయ్యా, మా వాడికి 127 వచ్చిందట, మూడు మార్కులే కదా, నువ్వు బోర్డులో ఉన్నావు, ఒక్క మాట చెప్పవూ." జవాబు సిద్ధంగా ఉంచుకోండి: "బోర్డులో ఉన్నాను కాబట్టే చెప్పకూడదమ్మా. మళ్లీ చూడమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫారం ఆఫీసులో ఇస్తారు, అందరితోపాటు వాడిదీ చూస్తారు." ఆ సాయంత్రమే అధ్యక్షులకు రెండు వాక్యాల మెయిల్ పంపండి: ఫలానా దరఖాస్తుదారు నాకు బంధువు, ఆ ఫైలు చర్చలో నేను ఉండను. చెల్లెలికి కోపం వచ్చినా పిల్లవాడికి న్యాయం జరుగుతుంది, మీ బడికి మాట రాదు.

ప్రిన్సిపాల్ నివేదిక

ఇప్పుడు ఆ ఫొటోల పేజీలు తెరవండి. సంతోషంగానే చదవండి, ఆ పిల్లలు కష్టపడ్డారు. కానీ లేనిదేమిటో వెతకండి. ఏడాది మధ్యలో ఎంతమంది బడి మానేశారు, ఎందుకు? రెండేళ్లలో ఎంతమంది టీచర్లు వెళ్లిపోయారు? ఇలాంటి పిల్లల్లో మేధ ఒక వయసులో, మనసు ఇంకో వయసులో ఉంటాయి. తొమ్మిదేళ్ల పిల్ల పదో తరగతి బీజగణితం చేస్తుంది, చేతిరాత మాత్రం రెండో తరగతి పిల్లలా ఉంటుంది, ఆటలో ఓడిపోతే ఏడుస్తుంది. డిస్లెక్సియా ఉన్న ప్రతిభావంతులూ ఉంటారు. ప్రతిభ లోపాన్ని, లోపం ప్రతిభను కప్పేస్తాయి. వీరి గురించి నివేదికలో ఒక్క పేరా కూడా లేకపోతే, కౌన్సిలర్‌ను ఈ మూడు నెలల్లో ఎంతమంది పిల్లలు కలిశారో, పేర్లు లేకుండా సంఖ్య మాత్రం ఇమ్మని అడగండి. పిల్లల పేర్లు బోర్డు కాగితాల్లో ఎప్పుడూ రాకూడదు.

చివర ఒక అనుబంధం ఉంటుంది, బీఈవో (బ్లాకు విద్యాధికారి) ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాలు. అవి కన్నడంలో ఉంటాయి కాబట్టి తెలుగు సభ్యులు తిప్పేస్తారు. తిప్పేయకండి. కన్నడ లిపి మన లిపికి చెల్లెలే. రెండు వారాలు రోజుకు పావుగంట కూర్చుంటే చదవడం వస్తుంది. "సుత్తోలె" అంటే సర్క్యులర్, "మాన్యతె నవీకరణ" అంటే గుర్తింపు పునరుద్ధరణ, "శుల్క" అంటే ఫీజు. ఈ మూడు మాటలు కనిపించిన ప్రతి ఉత్తరానికీ జవాబు వెళ్లిందా, తేదీ ఎంత అని అడగండి.

సాధన

తొంభై మంది పిల్లలు, ఏడాది ఫీజు లక్ష, 15 మందికి పూర్తి మాఫీ. షరతు లేని విరాళం 8 లక్షలు, లైబ్రరీకే అని ఇచ్చింది 10 లక్షలు, అది ఖర్చు కాలేదు. ఏడాది ఖర్చు 84 లక్షలు. ఫీజు బకాయి 6 లక్షలు. ఏడాది చివర బ్యాంకులో 21 లక్షలు. ఆదాయ వ్యయాల పట్టీలో మిగులు ఎంత కనిపిస్తుంది? నిజంగా ఎంత లోటు? బడి వాడుకోగలిగిన డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది? ఏడాది మొదట్లో బ్యాంకులో ఎంత ఉండి ఉండాలి? కోశాధికారిని అడగాల్సిన ప్రశ్నలు మూడు మీ మాటల్లో రాసి ఉంచుకోండి. నాలుగో పాఠం ఈ జవాబులతోనే మొదలై, పిల్లల భద్రత, 2012 పోక్సో చట్టం కింద బడి బాధ్యతల వైపు వెళ్తుంది.