శేషాచలం అడవిలో నడక: తలకోన, మామండూరులకు రెండు రోజుల ప్రయాణం ఎలా చేయాలి

తిరుపతి వాసులకు కొండ అంటే దర్శనం, మెట్లు, మొక్కు. ఆ మెట్ల దారికి ఇరువైపులా పరచుకున్న అడవి ఎంతటిదో తెలిసినవారు మన ఊళ్లోనే తక్కువ. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా మరెక్కడా పెరగని ఎర్రచందనం ఈ కొండల్లో పెరుగుతుంది. బంగారు బల్లి, దేవాంగపిల్లి, బెట్టుడుత అనే పెద్ద అడవి ఉడుత ఇక్కడ బతుకుతున్నాయి. 1989లో ఇక్కడ శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 2010లో శేషాచలం కొండలను బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఇంత సంపద గుమ్మం ముందే ఉండగా, సెలవులు రాగానే ఊటీకో కొడైకెనాల్‌కో బయలుదేరే మిత్రులను చూసి కలిగిన బాధతోనే ఈ వివరాలు రాస్తున్నాను.

బయలుదేరే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీరు వెళ్లేది జలపాతం కింద తడవడానికా, అడవిలోని జీవాలను చూడడానికా? రెండూ ఒకే పూటలో కుదరవు. పదిహేను మంది గుంపుగా, పాటలు పెట్టుకుని వెళ్లేవారికి కోతులు తప్ప మరేమీ కనబడవు. నలుగురికి మించకుండా, ఆదివారాలు, పండుగ సెలవులు కాకుండా వారం మధ్యలో వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం.

మొదటి రోజుకు తలకోన సరైన చోటు. చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా వెళ్లే దారి ఇది. అక్కడి చెక్‌పోస్టు దగ్గర ప్రవేశ రుసుము కట్టి, సిద్ధేశ్వరస్వామి ఆలయం దాటి నడక మొదలుపెట్టవచ్చు. సుమారు 270 అడుగుల ఎత్తు నుండి పడే తలకోన జలపాతపు నీటికి ఆధారం పైనున్న క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి బండలే. వాటి పగుళ్లలోకి ఇంకిన వాన నీరు కొద్దికొద్దిగా ఊరుతూ కోనల్లోకి దిగుతుంది కాబట్టి, వానలు ఆగిన చాలా రోజుల వరకు వంకలు పారుతూనే ఉంటాయి. రెండో రోజుకు కడప దారిలోని మామండూరు అనుకూలం. అక్కడి నేల కొంత చదునుగా ఉండడం వల్ల పెద్దవారు కూడా నడవగలరు. రెండుచోట్లా బస కావాలంటే ముందుగానే గదులు మాట్లాడుకోవాలి. అడవి లోపల గుడారం వేసుకుని రాత్రి గడపాలన్న ఆలోచనను మాత్రం పూర్తిగా మానుకోవాలి.

కాలం విషయంలో మన ప్రాంతానికి మన లెక్కే వర్తిస్తుంది. తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు మొదటి వారాల వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో నగరాన్ని ముంచెత్తిన వరదను ఇక్కడివారెవరూ మరచిపోలేదు. అటువంటి వానకు కోనల్లో నీరు చూస్తుండగానే పెరుగుతుంది. మీరున్నచోట ఎండ కాస్తున్నా పైకొండ మీద వాన పడితే చాలు, మోకాలి లోతు వంక నడుము దాటిపోతుంది. నీటి రంగు ఎర్రబడినా, ఆకులు, పుల్లలు ఒక్కసారిగా కొట్టుకు వచ్చినా, సామాన్లు వదిలేసైనా సరే గట్టెక్కాలి. డిసెంబరు మూడో వారం నుండి ఫిబ్రవరి చివరి వరకు నడకకు మంచి కాలం. మార్చి దాటితే ఎండ తీవ్రతకు తోడు కార్చిచ్చు భయం ఉంటుంది.

అనుమతి గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తేలికగా తీసుకునేది దీన్నే. సందర్శకులకు తెరిచిన బాట దాటి లోపలికి వెళ్లాలంటే తిరుపతిలోని అటవీశాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయంలో ముందుగా అడగాలి. అనుమతి ఇస్తే వారు పంపే వాచర్‌తోనే (అటవీ కాపలాదారుతోనే) వెళ్లాలి. ఎర్రచందనం దొంగల కోసం రాత్రింబవళ్లు గాలింపు జరిగే అడవి ఇది. అనుమతి లేకుండా తిరిగేవారిని సిబ్బంది అనుమానించడంలో తప్పు లేదు. మొసలి చర్మంలా పలకలు పలకలుగా చీలిన నల్లని బెరడున్న ఆ చెట్టును కళ్లారా చూడండి, కింద పడిన దాని కాయ గుండ్రని రెక్కతో ఎలా ఉందో గమనించండి, కానీ దాని చిన్న పుల్లను కూడా జేబులో వేసుకోకండి. తుంబురు తీర్థం, కుమారధార, రామకృష్ణ తీర్థాల సంగతి వేరు. ఏటా ఆయా తీర్థాల ముక్కోటి, అంటే ఆ తీర్థంలో పుణ్యస్నానాలకు ఏర్పడిన రోజున దేవస్థానం ఏర్పాట్లతో భక్తులు వెళ్తారు. తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి నాడు పాపవినాశనం నుండి నడిచి వెళ్లాలి. ఆ రోజు జనసమ్మర్దం వల్ల జంతువులు కనబడకపోయినా, రెండు నిలువు రాతి గోడల మధ్య నీటిలో నడిచే ఆ దారి జీవితంలో ఒకసారైనా చూడదగినది.

కొన్నేళ్ల క్రితం మిత్రులతో కలిసి తొమ్మిది గంటలకు, తలా ఒక సీసా నీళ్లతో బయలుదేరాను. మధ్యాహ్నానికి ఎండిపోయిన ఒక వంకలో దారి తప్పాం, నీళ్లు అయిపోయాయి. కళ్లు తిరిగి బండ మీద కూలబడిన మిత్రుణ్ణి ఇద్దరం మోసుకుని రావలసి వచ్చింది. అప్పటి నుండి మనిషికి నాలుగు లీటర్లకు తక్కువ లేకుండా తీసుకువెళ్తున్నాను. అందులో ఒక లీటరులో ఉప్పు, నిమ్మరసం కలుపుకుంటే మరీ మంచిది. తిండికి చింతపండు పులిహోర మేలు. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది. మడమ పట్టు ఉన్న బూట్లు, నిండు చేతుల చొక్కా, మట్టి రంగు బట్టలు వేసుకోవాలి. అత్తరు, సెంటు పూసుకోకూడదు, పొగ పెట్టకూడదు, ఎందుకంటే జలపాతాల బండలకు పెద్ద తేనెపట్లు ఉంటాయి, అవి రేగితే పరుగెత్తడానికి చోటుండదు.

ఇక చూడడం ఎలాగో చెబుతాను. తెల్లవారి ఆరు గంటలకల్లా బాట మీద ఉండాలి, తొమ్మిది వరకు మాట్లాడకూడదు. వంద అడుగులు నడిచి రెండు నిమిషాలు నిలబడండి. అలా నిలబడినప్పుడే అడవి మళ్లీ తన పనిలో పడుతుంది. పైకొమ్మల్లో టపటపమని గింజల తొక్కలు రాలుతుంటే తలెత్తి చూడండి, పొడవైన కుచ్చుతోకను కిందికి వేలాడదీసి కూర్చున్న బెట్టుడుత కనబడవచ్చు. కొండముచ్చులు ఒక్కసారిగా గసపెట్టి అరిచినా, కణితి గట్టిగా కూత వేసినా దగ్గరలో చిరుత ఉందని అనుకోవాలి, అక్కడి నుండి ముందుకు వెళ్లకూడదు. పుట్టను పారలా తవ్వి పోసిన గుంట, దాని పక్కన రేగు గింజలతో నిండిన నల్లటి పేడ కనిపిస్తే అది ఎలుగుబంటి పని. పేడ తడిగా ఉంటే వెంటనే వెనుదిరగాలి. వంక పొడవునా పొదల్లో, బండల మధ్య ఎగిరే పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణ భారతంలోని రాతి కొండల్లో తప్ప మరెక్కడా ఉండదు. పక్షుల కోసమే వచ్చేవారు దాని కోసం ఒక పూట కేటాయించినా దండగ కాదు.

బంగారు బల్లిని చూడాలంటే నీటి చెమ్మ తగిలే చీకటి రాతి పగుళ్ల దగ్గర ఓపికగా నిలబడాలి. తలకోనలో ఒక నెరియలో నేను మొదట చూసింది బల్లిని కాదు, దాని గుడ్లను. చింతగింజంత తెల్లని గుడ్లు పదుల సంఖ్యలో ఒకదాని పక్కన ఒకటి రాతికి అతికి ఉన్నాయి. పాత పెంకుల గుండ్రని మచ్చల మీదే కొత్త గుడ్లు ఉన్నాయి, అంటే అనేక బల్లులు అదే చోటికి మళ్లీ మళ్లీ వచ్చి పెడుతున్నాయన్నమాట. ఆ పైన, వేళ్ల చివర వెడల్పైన పట్లతో రాతిని కరుచుకుని, పసుపు మెరుపుతో ఒక బల్లి కదలకుండా ఉంది. టార్చి వెలుగును నేరుగా వేయకుండా పక్క రాతి మీద వేసి చూస్తే చాలు. ఫోటో కోసం పుల్లతో కదిలించడం, గుడ్లను తాకడం చేయవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

పిల్లలతో వెళ్లేవారు వారిని గుంపు మధ్యలో, చేయి అందేంత దూరంలో ఉంచుకోవాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుతకు బలైంది. ఆ తర్వాతే మధ్యాహ్నం 2 గంటలు దాటాక పిల్లలను ఆ దారిలోకి పంపకుండా దేవస్థానం ఆంక్షలు విధించింది. వేల మంది నడిచే మెట్ల దారిలోనే అలా జరిగినప్పుడు, కోనల్లో ఇంకెంత జాగ్రత్త అవసరమో ఆలోచించండి. చిరుత ఎదురుపడితే పరుగెత్తకూడదు, వంగకూడదు. చేతులు పైకెత్తి, గట్టిగా మాట్లాడుతూ, ముఖం తిప్పకుండా వెనక్కి అడుగులు వేయాలి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు తిరుగుతాయి కాబట్టి అక్కడికి కాలినడకన వెళ్లాలని అనుకోవద్దు.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయకూడదు. కరిచిన కాలిని కదలకుండా ఉంచి, మనిషిని మోసుకుని బాట మీదికి తెచ్చి, 108కి ఫోన్ చేసి తిరుపతి రుయా ఆసుపత్రికి చేర్చాలి. లోపల చాలాచోట్ల ఫోన్ పనిచేయదు, అందుకే ఎవరు మోస్తారో, ఎవరు ముందు పరుగెత్తి కబురు చెబుతారో బయలుదేరే ముందే అనుకోవాలి. చలికాలంలో దూలగొండి కాయలు పండి నూగు గాలికి రాలుతుంది. ఒంటికి తగిలితే గోకకుండా, అతుక్కునే టేపుతో ఒత్తి తీసి, తర్వాత నీళ్లతో కడగాలి.

మధ్యాహ్నం మూడు గంటలకల్లా చెక్‌పోస్టుకు తిరిగి వచ్చేలా నడకను లెక్క వేసుకోండి. తెచ్చిన ప్రతి కవరు, ప్రతి సీసా మీ సంచిలోనే తిరిగి రావాలి. అక్కడి వాచర్‌కు మీరంతా క్షేమంగా వచ్చినట్టు చెప్పి, రిజిస్టరులో తిరిగి వచ్చిన సమయం రాయించిన తర్వాతే బండి ఎక్కండి. ఆ గడి ఖాళీగా ఉంటే వారు చీకట్లో మీ కోసం కొండ ఎక్కవలసి వస్తుంది. ఇంటికి చేరగానే బట్టలను వేడినీళ్లలో నానబెట్టి, మోకాళ్ల వెనుక, నడుము చుట్టూ, పిల్లల చెవుల వెనుక పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి.