మేటి సెంటర్ ఎవరని వాదనకు దిగే ముందు

ఆదివారం పొద్దున యూనివర్సిటీ మైదానంలో ఆట ముగిశాక, బాలాజీ కాలనీ టీ కొట్టు దగ్గర మాకు రెండో ఆట మొదలవుతుంది. మొదటి ఆటకు మోకాళ్లు నొస్తాయి, రెండోదానికి గొంతు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చరిత్రలో అందరికన్నా గొప్ప సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడగరి, ఎవరన్నదే ఆ రెండో ఆట. ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆడిన రోజుల్లో నాదీ సెంటర్ స్థానమే. అందుకని ఈ విషయంలో నోరు కాస్త ఎక్కువ. పదేళ్లలో ఎన్నోసార్లు ఓడాను, కొన్నిసార్లు గెలిచాను. ఈ వాదనకు ఎలా దిగాలో ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందుగా గోడ కట్టాలి. కాలేజీ అంటే కాలేజీయే, ఎన్‌బీఏ, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగు, మాట రాకూడదు. ఇది వినడానికి తేలిక, పాటించడం కష్టం. మా జట్టులో సెల్‌ఫోన్ దుకాణం నడిపే కుర్రాడున్నాడు. విల్ట్ చాంబర్లేన్ పేరు ఎత్తగానే, ‘ఒక్క మ్యాచ్‌లో వంద పాయింట్లు మేడమ్!’ అంటాడు. ఆ వంద 1962 నాటివి, ఎన్‌బీఏవి. బిల్ రసెల్ పదకొండు ఎన్‌బీఏ టైటిళ్లు కూడా గోడకు అవతలివే. అందుకని మా దగ్గర ఒక జరిమానా ఉంది: ఎన్‌బీఏ మాట ఎత్తినవాళ్లే ఆ పూట అందరికీ టీ ఇప్పించాలి. స్థానం విషయంలోనూ ఇదే లెక్క. టిమ్ డంకన్ తర్వాత ఏ స్థానంలో ఆడితే మనకెందుకు, వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో ఆయన సెంటరే.

గోడ కట్టాక కొలబద్ద. పేర్లు ఎత్తకముందే దేనితో కొలుస్తున్నారో ఒప్పుకోవాలి. టైటిళ్లతోనే, అంటే కాలేజీల్లో దేశ విజేతగా నిలవడంతోనే, కొలుస్తానంటే చాంబర్లేన్ ఆ క్షణమే బయటికి పోతాడు. కాన్సాస్ యూనివర్సిటీలో రెండే సీజన్లు ఆడాడు, టైటిల్ లేదు. కానీ మొదటి మ్యాచ్‌లోనే 52 పాయింట్లు, 31 రీబౌండ్లు (గురితప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడం). 1957 ఫైనల్లో నార్త్ కరోలినా చేతిలో మూడు ఓవర్‌టైమ్‌ల తర్వాత 54-53తో, ఒక్క పాయింటు తేడాతో ఓడాడు. ఆ మ్యాచ్ ఆరంభపు జంప్ బాల్‌కు, అంటే రిఫరీ పైకి ఎగరేసిన బంతి కోసం ఇద్దరు ఎగిరే పోటీకి, నార్త్ కరోలినా కోచ్ తన జట్టులోని ఆరడుగులైనా లేని టామీ కెర్న్స్‌ను పంపించాడు. ఏడడుగుల మనిషి ఎదుట ఆ కుర్రాణ్ని నిలబెట్టడమంటే, ‘బంతి ఎలాగూ నీదే, తీసుకో’ అని వెక్కిరించడమే. ఓడినా ఆ టోర్నీ ఉత్తమ ఆటగాడు చాంబర్లేనే. టైటిళ్లు మాత్రమే లెక్కపెట్టేవాళ్లకు నేను ముందుగా ఈ కథ చెబుతాను.

అవార్డులే కొలబద్ద అనేవాళ్లకు రాల్ఫ్ సాంప్సన్ ఉన్నాడు. వర్జీనియా తరఫున 1981 నుంచి 1983 దాకా వరసగా మూడేళ్లు, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే నైస్మిత్ అవార్డు తీసుకున్నాడు. టైటిల్ మాత్రం లేదు.

అంకెలు తెచ్చేటప్పుడు, ఆ అంకెను అసలు ఎప్పటినుంచి లెక్కపెడుతున్నారో చూసుకోండి. అమెరికా నేవీ అకాడమీ జట్టు సెంటర్ డేవిడ్ రాబిన్సన్ 1985-86లో 207 షాట్లు అడ్డుకున్నాడు. అధికారికంగా బ్లాకుల లెక్క మొదలైందే ఆ సీజన్‌లో. రసెల్ ఎన్ని అడ్డుకున్నాడో పుస్తకంలో లేదు కాబట్టి సున్నా అనుకుంటే ఎలా? అలాగే 1972 వరకు మొదటి ఏడాది విద్యార్థులకు పెద్ద జట్టులో చోటు లేదు. కాబట్టి మూడేళ్లవాళ్ల మొత్తాలను నాలుగేళ్లవాళ్ల మొత్తాల పక్కన పెట్టకండి. మ్యాచ్‌కు సగటు చెప్పండి. రసెల్‌కు పాయింట్లూ రీబౌండ్లూ రెండూ మ్యాచ్‌కు ఇరవై పైనే.

నా కొలబద్ద వేరు: ఎవరి వల్ల నియమాలు మారాయి? ఒక పొద్దున ఇది మా వాళ్లకు నోటితో చెప్పి లాభం లేదని సుద్దముక్క తెచ్చాను. మేము ఆడిన రోజుల్లో రింగు కింది గీతలు బేస్‌లైన్ (రింగు వెనక హద్దు గీత) దగ్గర వెడల్పై, ఫ్రీ త్రో గీత (ఫౌల్‌కు ఇచ్చే అడ్డులేని షాట్ వేసే చోటు) దగ్గర సన్నబడి, బోర్లించిన గంపలా ఉండేవి. అంతర్జాతీయ ఆటలో 2010 దాకా అదే ఆకారం. అమెరికా కాలేజీల్లో మాత్రం 1950ల ఆరంభంలో అది ఆరడుగుల వెడల్పున్న సన్న సందు. సుద్దతో ఆరడుగులు కొలిచి రెండు గీతలు గీశాను. సెల్‌ఫోన్ దుకాణం కుర్రాణ్ని గీత అవతల నిలబెట్టి చెయ్యి చాపమన్నాను. రింగు నడిమి నుంచి గీతకు మూడడుగులే కదా, అతని వేళ్లు దాదాపు రింగు కిందికే వచ్చాయి. మూడు సెకన్లకు మించి రింగు కింద నిలబడకూడదన్న నియమం గీత లోపలున్నవాడికే వర్తిస్తుంది. బయట నిలబడినవాడు గంటసేపైనా కాచుకోవచ్చు. అదే చోట రసెల్ లాంటి పొడవు చేతులవాడు, ఎగరగలవాడు నిలబడితే? 1950ల మధ్యలో ఆ సందును పన్నెండు అడుగులు చేశారు. సుద్ద గీతలు చూశాక కుర్రాడు ఆ వారమంతా చాంబర్లేన్ పేరెత్తలేదు.

అయితే మా లెక్కల మాస్టారు ఊరుకునే మనిషి కాదు. ‘మేడమ్, కిందికి దిగుతున్న బంతిని రింగు మీద తట్టేయకూడదన్న నియమం 1944-45లో బాబ్ కర్లాండ్, జార్జ్ మైకన్‌ల వల్ల వచ్చింది. అయితే వాళ్లే గొప్పవాళ్లా?’ అన్నారు. ఇంటికెళ్లి ఆలోచిస్తే ఆయన మాటలో పస ఉందనిపించింది. ఎదుటివాడి దెబ్బ గట్టిగా తగిలితే కొలబద్దను పారేయక్కర్లేదు, పదును పెట్టుకుంటే చాలు. మరుసటి ఆదివారం ఇలా మార్చుకుని వెళ్లాను: నియమం మార్చాక ఆ ఆటగాడు ఏం చేశాడు? ఓక్లహోమా ఏ అండ్ ఎమ్ కాలేజీకి కర్లాండ్ 1945, 1946 టైటిళ్లు నియమం మారాకే తెచ్చిపెట్టాడు. లూ ఆల్సిండర్, అంటే తర్వాతి కరీమ్ అబ్దుల్ జబ్బార్, యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) తరఫున 1967లో టైటిల్ గెలిచాడు. ఆ వెంటనే కాలేజీ ఆటలో డంక్‌నే, అంటే ఎగిరి బంతిని పైనుంచి రింగులోకి దించడాన్నే, నిషేధించారు. జనం దానికి ఆల్సిండర్ రూల్ అని పేరు పెట్టారు. ఆయన 1968లోనూ 1969లోనూ గెలిచాడు. మూడేళ్లలో 88 విజయాలు, రెండే ఓటములు. మూడుసార్లూ ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల పోరు) ఉత్తమ ఆటగాడు. నా ఓటు ఆయనకే.

మాస్టారి ఓటు, తర్వాత అదే యూసీఎల్‌ఏకు ఆడిన బిల్ వాల్టన్‌కు. ఇక్కడే ఇంకో మెళకువ చెప్పాలి: ఎదుటివాడి ఆటగాణ్ని మీరే వాడికన్నా బాగా పొగడగలగాలి. వాల్టన్ గురించి నేనే ముందు చెప్పేస్తాను. 1973 ఫైనల్, సెయింట్ లూయిస్, ప్రత్యర్థి మెంఫిస్ స్టేట్. సగం ఆటకు స్కోరు 39-39. అప్పటికే వాల్టన్ మీద మూడు ఫౌల్స్, ఇంకా పెరిగితే ఆట నుంచే బయటికి. ఆ స్థితిలో నేనైతే నా పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లు తాగమనేదాన్ని. ఆయన ఆ రాత్రి 22 షాట్లకు 21 వేశాడు. సహచరుడు గ్రెగ్ లీ రింగు పక్కకు ఎత్తి వేసిన బంతిని గాల్లోనే అందుకుని మెత్తగా బోర్డుకు ఆనించడం, అంతే. ఫ్రీ త్రోలు మాత్రం ఐదింటికి రెండే. మొత్తం 44 పాయింట్లు, జట్టు 87-66తో గెలిచింది. వీటిలో ఒక్కటీ డంక్ కాదు, నిషేధం అప్పటికీ ఉంది. ‘ఆల్సిండర్‌కైనా మొదటి ఏడాది డంక్ ఉంది. మావాడికి ఏ ఏడాదీ లేదు’ అని మాస్టారు ఇక్కడ కాలు దువ్వుతారు. దీనికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఒక్క రాత్రి ఆటను సాక్ష్యంగా తెస్తే మాత్రం, దాని వెనకా ముందూ కూడా తేవాలి. 1968 జనవరిలో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో యాభై రెండు వేల మందికి పైగా జనం ముందు హ్యూస్టన్ యూనివర్సిటీ ఆటగాడు ఎల్విన్ హేస్ 39 పాయింట్లు కొట్టి యూసీఎల్‌ఏను 71-69తో ఓడించాడు. ఆల్సిండర్ కంటికి గీరుకుపోయిన గాయం అప్పటికింకా మానలేదు, 18 షాట్లకు నాలుగే పడ్డాయి. ఆ రెండు జట్లే రెండు నెలల తర్వాత సెమీఫైనల్లో కలిస్తే యూసీఎల్‌ఏ 101-69తో గెలిచింది, హేస్‌కు పది పాయింట్లు. జనవరి మాట ఒక్కటే చెప్పి ఆపేసేవాడితో వాదించకండి, టీ చల్లారుతుంది.

ఇక మా మేనల్లుడు. ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీలో చదువుతున్నాడు. వాడి దేవుడు అక్కడ ఆడిన జాక్ ఈడీ, ఏడడుగుల నాలుగంగుళాల కెనడా కుర్రాడు, 2023లోనూ 2024లోనూ దేశంలో ఉత్తమ ఆటగాడు. ‘అత్తా, మీ ఆల్సిండర్ నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే టైటిల్. ఇప్పుడు ఆరు గెలవాలి. అప్పట్లో లీగుకు ఒక్క జట్టే కదా వచ్చేది’ అంటాడు. అది న్యాయమైన మాట, ఒప్పుకున్నాను. ఒప్పుకుని, 2023లో తొలి రౌండులోనే పదహారో సీడు, అంటే వరసలో అట్టడుగు ర్యాంకు జట్టు, ఫెయిర్‌లీ డికిన్సన్ చేతిలో పర్డ్యూ ఓడిందని గుర్తుచేశాను. ఫోను పెట్టేశాడు.

2024 ఫైనల్ వాళ్లకు సోమవారం రాత్రి, మనకు మంగళవారం పొద్దున, ఏప్రిల్ 9. ఆ రోజు మనకు ఉగాది. వేపపూత దూస్తూ, చింతపండు పిసుకుతూ ఒక కన్ను ఫోను మీద వేసి చూశాను. ఈడీ 37 పాయింట్లు వేశాడు. అయినా కనెక్టికట్ 75-60తో గెలిచింది. వాడు ఫోను చేసేసరికి పచ్చడి గిన్నె నా చేతిలోనే ఉంది. ఆ ఏడాది పేరు క్రోధి. వాడి గొంతు విన్నాక పంచాంగం రాసినవాళ్ల మీద గౌరవం పెరిగింది.

ఆ స్కోరు ఎక్కడో చూసినట్టుందే అని మధ్యాహ్నం పాత నోటుపుస్తకం తీశాను. 1965 నవంబరు, యూసీఎల్‌ఏ కొత్త మైదానం పాలీ పెవిలియన్ ఆరంభోత్సవం. పెద్ద జట్టులో చోటు లేని ఆల్సిండర్, తన మొదటి ఏడాది కుర్రాళ్లతో కలిసి, వరసగా రెండేళ్లు దేశ విజేతలైన సొంత కాలేజీ పెద్ద జట్టునే ఓడించాడు. 75-60. పండగ పూట వద్దులే అని ఆగి, మర్నాడు ఆ పేజీ ఫొటో తీసి మేనల్లుడికి పంపాను. రెండు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. ఆదివారం మాస్టారికి చూపిస్తే కళ్లజోడు సవరించుకుని చదివి, ‘అది లెక్కలోకి రాదు మేడమ్, సొంత జట్టు మీద ఆడిన ప్రదర్శన మ్యాచ్’ అన్నారు. కొలబద్దలో ప్రదర్శన మ్యాచ్‌ల సంగతి మేం రాసుకోలేదు. వచ్చే ఆదివారం సుద్దముక్కతో పాటు కాగితం కూడా తీసుకెళ్లాలి.