పన్నాగం: ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ముందు దీర్ఘం సంగతి. 'న్నా'కు దీర్ఘం ఎగిరిపోతే మిగిలేది 'పన్నగం', అంటే పాము. 'శత్రువులు పన్నగం పన్నారు' అని రాస్తే వాళ్లు పామును పన్నినట్టే. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్‌చెకర్‌ దీన్ని పట్టుకోదు, కన్నే పట్టుకోవాలి.

పన్నాగం 'పన్ను' క్రియకు చుట్టం. నోట్లో పన్నూ కాదు, ఇంటి పన్నూ కాదు. వల పన్నడం, ఉచ్చు పన్నడంలో ఉన్న పన్ను. వలను ముందే పరచాలి, అది కనబడకూడదు, అందులో ఎవరో ఒకరు పడాలి. పన్నాగానికీ ఈ మూడూ కావాలి. భారతంలో లక్క ఇల్లు చూడండి: వారణావతంలో ముందే కట్టించారు, లక్క సంగతి దాచారు, పాండవులను అందులో కాల్చేయాలనుకున్నారు. అచ్చమైన పన్నాగం. అప్పటికప్పుడు నోటికొచ్చిన అబద్ధమాడి తప్పించుకుంటే అది బొంకు. అందరి ముందూ చెప్పి చేసేది పథకం. ఎవరికీ నష్టం లేని గుట్టును పన్నాగమంటే అది వేళాకోళమే.

క్రియగా 'పన్ను'నే వాడండి: పన్నాగం పన్నాడు, పన్నింది, పన్నుతున్నారు. చెప్పిందే చెప్పినట్టుందని కొందరు 'పన్నాగం చేశాడు' అని మారుస్తారు, వాక్యం చప్పబడుతుంది. ఆట ఆడటం, పాట పాడటం ఎలాగో ఇదీ అంతే. ఉద్దేశం ముందు రావాలి: 'పొలం కాజేయాలని పన్నాగం పన్నాడు'. తర్వాతి కథకు కూడా మాటలు సిద్ధంగా ఉన్నాయి: పన్నాగం పారుతుంది, ఫలిస్తుంది, బెడిసికొడుతుంది, బయటపడుతుంది, ఎదుటివాళ్లు దాన్ని పసిగడతారు, తిప్పికొడతారు. విభక్తి చేరితే రూపం మారుతుంది: పన్నాగాన్ని, పన్నాగానికి. 'పన్నాగంని', 'పన్నాగంకి' అచ్చులో బాగుండవు. మనిషిని వర్ణించడానికి మాత్రం ఈ మాట సాయపడదు. 'పన్నాగమైన మనిషి' అనం. జిత్తులమారి, కుటిలుడు, టక్కరి అంటాం.

ఎక్కువ తికమక కుట్రతో వస్తుంది. పన్నాగం ఒంటరిగా పన్నొచ్చు. కుట్రకు చట్టం దృష్టిలో కనీసం ఇద్దరుండాలి. భారతీయ న్యాయ సంహిత 61వ సెక్షన్ చెప్పే నేరపూరిత కుట్ర ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది మధ్య ఒప్పందం. అందుకే కేసు వార్తలో 'కుట్ర' బదులు 'పన్నాగం' పెడితే అర్థం మారుతుంది. ఎత్తుగడ, వ్యూహం మంచిచెడుల జోలికి పోని మాటలు, చదరంగానికీ ఎన్నికలకూ సరిపోతాయి. కుయుక్తి చిన్నది, ఒక్క వాదనలోనో ఒక్క బేరంలోనో ముగిసిపోతుంది. కుతంత్రం ఎక్కువగా బహువచనంలో, కుట్రల పక్కన కనిపిస్తుంది: కుట్రలు, కుతంత్రాలు.

పన్నాగం అనగానే తీర్పు చెప్పేసినట్టే. రుజువు కాని విషయమైతే ఎవరు ఆరోపించారో ఆ వాక్యంలోనే ఉండాలి. 'నేను పన్నాగం పన్నాను' అని నేరం ఒప్పుకునేవాడో, సరదాకి అనేవాడో తప్ప ఎవరూ అనరు.

విశేషణాలతో జాగ్రత్త. 'రహస్య పన్నాగం', 'ముందస్తు పన్నాగం', 'దురుద్దేశపూరిత పన్నాగం' అన్నీ దండగ మాటలే, ఆ అర్థాలన్నీ లోపలే ఉన్నాయి. 'పెద్ద పన్నాగమే' అనడంలో తప్పులేదు, పరిమాణం ఆ మాటలో లేదు కనుక.