స్థాన విలువ నేర్పాలంటే ముందు కట్టలు కట్టించండి

రెండో తరగతి పిల్లలు 47ను తడుముకోకుండా చదువుతారు, రాస్తారు. అయినా 47 పుల్లలు ముందు పెట్టి, ఆ సంఖ్యలోని 4ను చూపించి, ‘ఇది ఎన్ని పుల్లలు?’ అని అడిగితే, చాలామంది నాలుగే పుల్లలు తీసి పక్కన పెడతారు. సంఖ్యను చదవడం వేరు, అందులోని 4 అంటే నలభై అని గ్రహించడం వేరు. అందుకే ఒకట్లు, పదులు అని పలక మీద గడులు గీయించడానికి తొందరపడకూడదు.

ఒక్కో జట్టుకు యాభై లోపు చీపురు పుల్లల ముక్కలు, కొన్ని రబ్బరు బ్యాండ్లు ఇవ్వండి. పది లెక్కపెట్టి కట్ట కట్టే పని పిల్లలే చేయాలి. ఉపాధ్యాయులు కట్టి తెచ్చిన కట్టలో నిజంగా పది ఉన్నాయన్న నమ్మకం వారికి కలగదు. విప్పి మళ్లీ లెక్కపెడతామంటే పెట్టనివ్వండి. ఆ తర్వాత, మూడు కట్టలూ రెండు విడి పుల్లలూ ఉన్న పిల్లను అయిదు పుల్లలు ఇవ్వమని అడగండి. విడిగా రెండే ఉన్నాయి కనుక ఆ పిల్ల ఆగుతుంది, కట్టల వంక చూస్తుంది, కాసేపటికి ఒక కట్ట విప్పుతుంది. తీసివేతలో అప్పు తెచ్చుకోవడమని తర్వాత మనం నేర్పేది ఇదే కాబట్టి, ఆ కాసేపూ దయచేసి మాట అందించకండి.

కట్టలు అలవాటయ్యాక మార్పిడి ఆట ఆడించవచ్చు. పాచిక వేసి, పడినన్ని రూపాయి బిళ్లలు తీసుకోవాలి. పది కాగానే వాటిని ఇచ్చేసి పది రూపాయల నోటు తీసుకోవాలి. ముందుగా అయిదు నోట్లు చేర్చినవారు గెలిచినట్టు. నోటును విప్పి లోపలి పదిని చూపించలేం కనుక ఈ ఆట ఎప్పుడూ కట్టల తర్వాతే రావాలి.

చివరగా నేలమీద సుద్దతో వందలు, పదులు, ఒకట్లు అని మూడు గడులు గీసి, అంకెల అట్టలతో పిల్లలను వాటిలో నిలబెట్టండి. ఒకట్ల గడి చూసేవారికి కుడివైపున ఉండాలి. నిలబడినవారికి అది ఎడమవైపు అవుతుంది కాబట్టి వారిని కూడా ఒకసారి ఇవతలికి పిలిచి చూపించాలి. ‘నూట అయిదు’ అనగానే 1005 అని రాసేవారికి ఈ ఆట బాగా ఉపయోగపడుతుంది. వందల గడిలో 1, ఒకట్ల గడిలో 5 నిలబడ్డాక, గడులు చెరిపేసి ఇద్దరినీ దగ్గరకు జరపండి. తరగతి అంతా ‘పదిహేను’ అని చదువుతుంది. మధ్యలో ఎవరు నిలబడాలో అప్పుడు పిల్లలనే చెప్పనివ్వండి. సున్న అట్ట వచ్చి నిలబడిన తర్వాతే 100 + 0 + 5 అని విస్తరణ రూపం రాయించండి.