రైతు బాకీ తప్పు చూపిస్తోందా? రొయ్యల కొనుగోలు డేటాబేస్‌లో క్వెరీలు సరిచూసుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యలు కొనేవాళ్లకి, మేత దుకాణాలకి, హేచరీలకి సాఫ్ట్‌వేర్ రాసే డెవలపర్‌కి వచ్చే ఫోన్లు ఎక్కువగా రెండు రకాలు. రిపోర్టులో అంకె తప్పు, లేదా రిపోర్టు ఎంతసేపటికీ రావడం లేదు. చాలామంది ముందు రెండోదాని మీద పడతారు. మా సలహా మాత్రం అంకెల సంగతే ముందు చూడమని. ఆలస్యమైన రిపోర్టు గురించి ఎవరో ఒకరు అడుగుతారు. తప్పు అంకె చకచకా వచ్చేస్తే దాన్ని నమ్మి రైతుకి డబ్బు లెక్కగట్టేస్తారు.

ఉదాహరణకి మూడు టేబుళ్లు తీసుకుందాం: రైతులు, కొనుగోళ్లు, చెల్లింపులు. ఇక్కడ చెప్పిన క్వెరీలు (డేటాబేస్‌ని సమాచారం అడిగే ఆదేశాలు) మైఎస్‌క్యూఎల్ 8.0, పోస్ట్‌గ్రెస్ అనే రెండు డేటాబేస్ సాఫ్ట్‌వేర్లకి వర్తిస్తాయి. తేడా ఉన్నచోట విడిగా చెబుతాం. క్వెరీల్లోని ఇంగ్లీషు మాటలని ఇక్కడ తెలుగు లిపిలో రాశాం.

బాకీ సున్నా ఎందుకు వచ్చింది?

ఇందుకూరుపేట రైతు ఒకరు మూడు పట్టుబడుల (చెరువులో రొయ్యలు పట్టడం) సరుకు ఇచ్చారనుకోండి: 1,50,000, 2,00,000, 2,50,000. మొత్తం 6,00,000. ఆయనకి రెండు విడతల్లో 2,00,000 చొప్పున 4,00,000 ఇచ్చారు. ఆయనకి ఇంకా రావాల్సిన బాకీ 2,00,000.

ఇప్పుడు రైతులు టేబుల్‌కి కొనుగోళ్లు, చెల్లింపులు రెండూ నేరుగా జాయిన్ చేసి (రైతు_ఐడీ కలిసే వరుసలని జతచేసి) సమ్ (కూడిక) తీయండి. ప్రతి కొనుగోలు వరుసా ప్రతి చెల్లింపు వరుసతో జతకడుతుంది కాబట్టి 3 × 2 = 6 వరుసలవుతాయి. సరుకు విలువ రెండింతలై 12,00,000, చెల్లింపు మూడింతలై 12,00,000. బాకీ సున్నా! ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. చూడ్డానికి సున్నా సహజంగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

దీనికి సమ్ లోపల డిస్టింక్ట్ (ఒకే విలువని ఒక్కసారే లెక్కించేది) పెట్టి సరిచేశామనుకునేవాళ్లు చాలామంది. అది ఇంకో తప్పు. రెండు చెల్లింపులూ 2,00,000 కాబట్టి డిస్టింక్ట్ వాటిని ఒకటిగానే లెక్కేస్తుంది. అప్పుడు బాకీ 4,00,000 చూపిస్తుంది, రైతుకి రెండు లక్షలు ఎక్కువ పోతాయి.

సరైన దారి, ఏ టేబుల్ మొత్తం ఆ టేబుల్‌లోనే ముందు కట్టి, రైతుకి ఒక్క వరుస చేసుకుని, ఆ తర్వాత జాయిన్ చేయడం:

విత్ కొ యాజ్ (సెలెక్ట్ రైతు_ఐడీ, సమ్(మొత్తం) యాజ్ సరుకు ఫ్రమ్ కొనుగోళ్లు గ్రూప్ బై రైతు_ఐడీ),
చె యాజ్ (సెలెక్ట్ రైతు_ఐడీ, సమ్(మొత్తం) యాజ్ ఇచ్చింది ఫ్రమ్ చెల్లింపులు గ్రూప్ బై రైతు_ఐడీ)
సెలెక్ట్ రై.ఐడీ, కోలెస్(కొ.సరుకు, 0) - కోలెస్(చె.ఇచ్చింది, 0) యాజ్ బాకీ
ఫ్రమ్ రైతులు రై
లెఫ్ట్ జాయిన్ కొ ఆన్ కొ.రైతు_ఐడీ = రై.ఐడీ
లెఫ్ట్ జాయిన్ చె ఆన్ చె.రైతు_ఐడీ = రై.ఐడీ;

కోలెస్ (విలువ లేనిచోట సున్నా పెట్టేది) మరిచిపోతే, ఇంకా పైసా అందని రైతు బాకీ నల్ (విలువే లేనిది) అవుతుంది. అసలు ఎక్కువ డబ్బు రావాల్సింది ఆయనకే, రిపోర్టులో గడి ఖాళీ. చెల్లింపులకి తేదీ షరతు పెట్టాలంటే చె లోపలే పెట్టండి. చివర్లో వేర్ కింద పెడితే నల్ ఉన్న వరుసలన్నీ రాలిపోతాయి, జత దొరకని రైతునీ ఉంచే లెఫ్ట్ జాయిన్ రాసినా, జత దొరికినవాళ్లనే ఉంచే ఇన్నర్ జాయిన్ రాసినట్టే అవుతుంది.

ఏ జాయిన్ రాసినా ముందూ తర్వాతా కౌంట్(*) చూసుకోండి. రైతులు 412 మంది ఉంటే ఫలితం కూడా 412 వరుసలే ఉండాలి. 430 వస్తే ఎక్కడో ఒకటికి రెండు జతకట్టాయి. 397 వస్తే ఎవరో పడిపోయారు.

జిల్లాల వారీ రిపోర్టుల్లోనూ ఇదే ముప్పు ఉంది. కందుకూరు 2022 ఏప్రిల్ 4న ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. అప్పుడు మండలం టేబుల్‌లో జిల్లా పేరు మార్చి ఊరుకుని ఉంటే 2021 కొనుగోళ్లు కూడా నెల్లూరు ఖాతాలో పడేవి. మండలం, జిల్లా, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా అని నాలుగు గళ్లు (కాలమ్‌లు) ఉన్న టేబుల్ పెట్టి, కొనుగోలు తేదీ ఆ రెంటి మధ్య ఉందా అని జాయిన్‌లోనే అడగాలి. రెండు కాలాలు ఒక్క రోజు కలిసినా ఆ రోజు సరుకు రెండుసార్లు లెక్కకొస్తుంది.

తెల్లవారుజాము సరుకు ముందురోజుకి పోవడం

ఎండెక్కితే సరుకు పాడవుతుందని పట్టుబడి రాత్రిపూటో తెల్లవారుజామునో సాగుతుంది. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఉదయం 4 గంటలకి తూకం వేసిన లోడు సర్వర్ లెక్కలో ముందురోజు రాత్రి 10:30. ఆఫీసు వేళల్లో మాత్రమే నడిచే వ్యాపారంలో ఈ తప్పు బయటపడకపోవచ్చు. రొయ్యల్లో రోజూ పడుతుంది.

మొదట సెలెక్ట్ నౌ() కొట్టి చేతి గడియారంతో పోల్చండి. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం గడి సెషన్ టైమ్ జోన్‌ని బట్టి మారి కనిపిస్తుంది, డేట్‌టైమ్ రకం మారదు. ఒకే డేటాబేస్‌లో రెండూ కలిసి ఉంటే ఏ గడి ఏ రకమో ముందు రాసిపెట్టుకోండి. కన్వర్ట్_టీజెడ్‌కి 'ఏషియా/కోల్‌కతా' ఇస్తే నల్ వస్తోందంటే టైమ్ జోన్ టేబుళ్లు ఎక్కించలేదని అర్థం. '+05:30' ఇస్తే అవి లేకపోయినా పనిచేస్తుంది.

యూటీసీలో నిల్వ ఉన్న డేటాకి 2025 మార్చి నెల హద్దులు ఇలా ఉంటాయి:

వేర్ తూకం_సమయం >= '2025-02-28 18:30:00' అండ్ తూకం_సమయం < '2025-03-31 18:30:00'

ఇక్కడ బిట్వీన్ వాడకండి. మన సమయంలోనే నిల్వ ఉన్నా, '2025-03-01' నుంచి '2025-03-31' దాకా అని బిట్వీన్ రాస్తే చివరి రోజు మొదలయ్యే అర్ధరాత్రి దగ్గరే ఆగిపోతుంది, 31వ తేదీ సరుకంతా పోతుంది. గడిని డేట్() ఫంక్షన్‌లో చుట్టినా మంచిది కాదు, గడి మీదున్న మామూలు ఇండెక్స్ (వరుసల్ని త్వరగా వెతికిపెట్టే సూచిక) పనికిరాకుండా పోతుంది.

చెల్లింపు అందని రైతులెవరు?

నాట్ ఇన్‌తో రాస్తే చెల్లింపులు టేబుల్‌లో ఒక్క రైతు_ఐడీ నల్ ఉన్నా చాలు, ఫలితం పూర్తిగా ఖాళీ. అందరికీ డబ్బు అందిందని పొరబడతారు. నాట్ ఎగ్జిస్ట్స్ రాయండి. రైతు_ఐడీ గడికి నాట్ నల్ కూడా పెట్టండి.

రూపాయలకి, కిలోలకి అంకెని ఉన్నదున్నట్టు ఉంచే డెసిమల్ రకమే వాడాలి, దగ్గరి విలువ ఉంచే ఫ్లోట్ వద్దు. వరి మిల్లులకి కూడా సాఫ్ట్‌వేర్ రాస్తుంటే, నెల్లూరు పుట్టి (ధాన్యం కొలత) అంటే 850 కిలోలు. డేటాబేస్‌లో కిలోలే పెట్టి, పుట్టి లెక్క తెర మీద చూపించండి.

నెమ్మదిగా ఉంటే

క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టండి, డేటాబేస్ దాన్ని ఎలా నడపబోతోందో చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో టైప్ గడిలో ఆల్, కీ గడిలో నల్ ఉంటే టేబుల్ మొత్తం చదువుతోందని అర్థం. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ క్వెరీని నిజంగానే నడుపుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ ముందు అది పెడితే వరుసలు నిజంగానే మారిపోతాయి. బిగిన్, రోల్‌బ్యాక్ (చేసినదాన్ని రద్దుచేసేది) మధ్యలోనే వాడండి.

ఒక రైతు ఖాతాని తేదీల మధ్య అడిగే క్వెరీకి (రైతు_ఐడీ, తూకం_సమయం) వరుసలో ఒకే ఇండెక్స్ సరిపోతుంది. తేదీతో మాత్రమే వెతికితే ఈ ఇండెక్స్ సరిగా అక్కరకు రాదు, మొదటి గడి షరతులో లేదు కదా. ఫోన్ నంబర్ వార్‌చార్‌లో ఉంటే కొటేషన్లలో పెట్టి వెతకండి. అంకెగా ఇస్తే మైఎస్‌క్యూఎల్ ప్రతి వరుసనీ అంకెగా మార్చి చూస్తుంది, ఇండెక్స్ ఉన్నా వాడదు.

క్వెరీ కదలకుండా నిలిచిపోతే

మైఎస్‌క్యూఎల్‌లో 1205 ఎర్రర్ వస్తే ఎవరో వరుసల మీద లాక్ (వేరేవాళ్లు మార్చకుండా వేసే తాళం) పట్టుకుని వదల్లేదన్నమాట. మామూలు సెట్టింగులో 50 సెకన్లు చూసి వదిలేస్తుంది. ఎవరు పట్టుకున్నారో సిస్ స్కీమాలోని ఇన్నోడీబీ_లాక్_వెయిట్స్ చెబుతుంది. తరచుగా దొరికేది, ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా జరగాల్సిన మార్పుల గుంపు) మొదలుపెట్టి కమిట్ (ఖాయం) చేయకుండా స్లీప్‌లో ఉన్న కనెక్షన్. దాన్ని కిల్ చేయొచ్చు, కానీ కమిట్ ఎక్కడ తప్పిందో కోడ్‌లో పట్టుకోకపోతే మళ్లీ వస్తుంది.

1205 వచ్చినప్పుడు ఆగిపోయిన ఆ ఒక్క వాక్యమే వెనక్కి పోతుంది, ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది. ఇది తెలియక ముందుకెళ్లి కమిట్ చేస్తే సరుకు ఎక్కి, చెల్లింపు ఎక్కకుండా సగం లెక్క మిగులుతుంది. కోడ్‌లో రోల్‌బ్యాక్ మీరే పిలవాలి. 1213 డెడ్‌లాక్ (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని లాక్ కోసం ఒకటి ఆగిపోవడం) అయితే ట్రాన్సాక్షన్ మొత్తం అదే వెనక్కి వెళ్తుంది, మొదటినుంచి మళ్లీ నడపాలి. పోస్ట్‌గ్రెస్‌లో లాక్_టైమ్‌అవుట్ పెట్టకపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తూనే ఉంటుంది.

చేత్తో అప్‌డేట్ చేసేటప్పుడు అదే వేర్‌తో ముందు సెలెక్ట్ కౌంట్(*) నడపండి, తర్వాత బిగిన్, అప్‌డేట్. ఆ కౌంటూ, అప్‌డేట్‌కి దొరికిన వరుసల సంఖ్యా కలిస్తేనే కమిట్. మధ్యలో ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణం మార్చే ఆదేశం) కొట్టకండి, మైఎస్‌క్యూఎల్‌లో అది అంతకుముందు చేసినదాన్ని దానంతటదే కమిట్ చేసేస్తుంది.

తెలుగు పేర్లు పాడైతే

గడి, టేబుల్, కనెక్షన్ మూడూ యూటీఎఫ్8ఎంబీ4లో (తెలుగు అక్షరాలు నిల్వచేయగల ఎన్‌కోడింగ్) ఉండాలి. ఎక్కువగా వదిలేసేది కనెక్షన్‌నే. పేరు చెడి కనిపిస్తే మైఎస్‌క్యూఎల్‌లో హెక్స్(పేరు) చూడండి, నిల్వ ఉన్న బైట్లు కనిపిస్తాయి. ఈ0బీ0 లేదా ఈ0బీ1తో మొదలైతే డేటా బాగానే ఉంది, తెర మీద చూపించే దగ్గర తప్పు. సీ3ఏ0తో మొదలైతే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. లాటిన్1కి మార్చి, బైనరీ చేసి, తిరిగి యూటీఎఫ్8ఎంబీ4గా చదివిస్తే పేరు వెనక్కి వస్తుంది. ముందు పది వరుసల మీద సెలెక్ట్‌తో చూసి, తర్వాతే అప్‌డేట్ చేయండి. హెక్స్‌లో వరసగా 3ఎఫ్ కనిపిస్తే నిజంగా ప్రశ్నార్థకాలే నిల్వ అయ్యాయి. వాటిని ఏ క్వెరీతోనూ తిరిగి తేలేం. బ్యాకప్ నుంచో, రైతుల దగ్గరున్న పట్టీలు చూసో మళ్లీ ఎక్కించాలి.